మూడణాల లెక్క, ఒక్క ఓటు లెక్క

1963 ఆగస్టులో లోక్‌సభలో రామ్‌మనోహర్ లోహియా లేచి ఒక లెక్క చెప్పారు. ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాల మీద బతుకుతున్నారని. ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి ఆయన సభలోకి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. మూడణాలు కాదు, పదిహేనణాలు అన్నారు. సందర్భం స్వతంత్ర భారతంలో తొలి అవిశ్వాస తీర్మానం. పెట్టింది ఆచార్య కృపలానీ. చైనా యుద్ధంలో దెబ్బతిని ఏడాది కూడా తిరగని రోజులవి.

అణా అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినా జనం నోట చాలాకాలం అణాలే నడిచాయి. మూడణాలంటే 19 పైసలకు కొంచెం తక్కువ, పదిహేనణాలంటే 94 పైసలకు కొంచెం తక్కువ. ప్రతిపక్షం లెక్కకూ ప్రభుత్వం లెక్కకూ సరిగ్గా ఐదు రెట్ల తేడా. మరి ఎవరో ఒకరు అబద్ధం ఆడినట్టేనా?

అక్కర్లేదు. బంతిలో ఐదుగురు భోజనానికి కూర్చున్నారనుకోండి. ఒకాయన జేబులో 63 అణాలు, తక్కిన నలుగురి దగ్గర మూడేసి అణాలు. మొత్తం 75. ఐదుతో భాగిస్తే తలకు 15. సగటు నిజమే, నలుగురి మూడణాలూ నిజమే. నెహ్రూ చెప్పింది దేశ ఆదాయాన్ని తలలతో భాగిస్తే వచ్చిన సంఖ్య. లోహియా చెప్పింది అడుగున ఉన్నవాళ్ల సంఖ్య. 1961 జనగణన ప్రకారం దేశ జనాభా దాదాపు 44 కోట్లు. అందులో 27 కోట్లంటే నూటికి 61 మంది.

ఇక్కడ మూడో సంఖ్య ఒకటుంది. అంతకు ముందు సంవత్సరమే, 1962లో, ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం మనిషి బతకడానికి కనీసం నెలకు 20 రూపాయలు కావాలని తేల్చింది. రోజుకు లెక్కేస్తే పదకొండణాల లోపు. వైద్యం, చదువు ఖర్చులు అందులో లేవు. అంటే ప్రభుత్వం చెప్పిన సగటు కూడా ప్రభుత్వం వేసుకున్న గీతకు నాలుగణాలే పైన ఉంది. లోహియా చెప్పిన మనిషి ఆ గీతకు ఎక్కడో కింద, మూడో వంతు దగ్గర ఉన్నాడు. పాలకుల కొలబద్దతోనే పాలకులను కొలవడం ప్రతిపక్షం చేయగల పనుల్లో అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే విలువైనది కూడా. ఆరు దశాబ్దాల పార్లమెంటు చర్చల్లో నాకు ఇంతకంటే సూటి విమర్శ కనిపించలేదు.

ఓటింగు జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. ప్రభుత్వానికి చీమ కుట్టినట్టయినా లేదు.

అంత సూటి విమర్శ ప్రభుత్వాన్ని ఎందుకు కదపలేదు? ఈ కథనం ఎత్తుకున్న ప్రశ్న అదే. ప్రతిపక్ష నేత మైకు ముందుకొచ్చిన ప్రతిసారీ మనం వినే మాటలు రెండు. ఒకటి, ఈ ప్రభుత్వ విధానాలు జనాన్ని ముంచుతున్నాయి. రెండు, ఈ ప్రభుత్వం ఎంతోకాలం నిలవదు. మొదటి మాట వల్ల రెండోది జరుగుతుందన్నట్టు ఒకే ఊపిరిలో అంటారు. లోక్‌సభ రికార్డు చూస్తే ఆ రెంటికీ దాదాపు చుట్టరికమే లేదు.

ఇరవై ఎనిమిది, సున్నా

అవిశ్వాస తీర్మానం పెట్టడం పెద్ద కష్టం కాదు. లోక్‌సభ 198వ నిబంధన కింద ఒక సభ్యుడు నోటీసు ఇవ్వాలి, 50 మంది లేచి నిలబడాలి. స్పీకర్ అనుమతించిన పది రోజుల్లోగా చర్చ మొదలవ్వాలి. కారణం చెప్పనక్కర్లేదు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్న రాజ్యాంగంలోని 75వ అధికరణమే దీనికి ఆధారం. రాజ్యసభకు ఈ ఆయుధం లేదు.

1963 నుంచి 2023 దాకా చర్చకు వచ్చిన అవిశ్వాస తీర్మానాలు 28. నెహ్రూ మీద 1, శాస్త్రి మీద 3, ఇందిర మీద 15, మొరార్జీ మీద 2, రాజీవ్ మీద 1, పి.వి. నరసింహారావు మీద 3, వాజపేయి మీద 1, మోదీ మీద 2. సగానికి పైగా ఒక్క ఇందిరమ్మ ఖాతాలోనే. నెగ్గినవి ఎన్ని? ఒక్కటీ లేదు. రాజీవ్ మీద 1987లో వచ్చిన తీర్మానం మూజువాణి ఓటుతో వీగిపోయింది. దాన్ని పెట్టింది తెలుగుదేశం సభ్యుడు సి. మాధవరెడ్డి. 1984 ఎన్నికల్లో 30 సీట్లు గెలిచి లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చున్న ప్రాంతీయ పార్టీ అది. 2003లో సోనియా గాంధీ వాజపేయి ప్రభుత్వంపై పెట్టిన తీర్మానానికి 189 ఓట్లు వస్తే, వ్యతిరేకంగా 314 పడ్డాయి. 2023లో మణిపూర్ మీద గౌరవ్ గొగోయ్ పెట్టినది ఓట్ల లెక్కింపు దాకా కూడా పోలేదు, అదీ మూజువాణే.

అయితే ప్రభుత్వాలు పడలేదా అంటే, పడ్డాయి. సభలో విశ్వాస పరీక్షలో ఓడినవి మూడు: 1990లో వి.పి. సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజపేయి. ఓటింగు దాకా రాకుండానే రాజీనామా చేసినవి ఐదు: 1979లో మొరార్జీ, చరణ్ సింగ్, 1991లో చంద్రశేఖర్, 1996లో పదమూడు రోజుల వాజపేయి, 1997లో గుజ్రాల్. మొత్తం ఎనిమిది. వీటిలో 1996 వాజపేయి ప్రభుత్వానికి మొదటి నుంచీ మెజారిటీయే లేదు, దాన్ని పక్కన పెడదాం. మిగిలిన ఏడింటికి ఏడూ పడింది సొంత మనుషులు లేచిపోయో, బయటి నుంచి దన్నుగా ఉన్నవాళ్లు చేయి తీసేసో. ఎదురు బెంచీల నుంచి వచ్చిన ఉపన్యాసం వల్ల పడినది ఒక్కటీ లేదు.

కారణాలూ చూడండి. వి.పి. సింగ్‌కు బి.జె.పి. మద్దతు తీసేసింది అద్వానీ రథయాత్రను సమస్తిపూర్‌లో ఆపి ఆయన్ను అరెస్టు చేసినందుకు. సభలో 200కు పైగా ఓట్ల తేడాతో ఆయన ఓడిపోయారు. చంద్రశేఖర్ ప్రభుత్వానికి కాంగ్రెస్ ఎసరు పెట్టింది రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసు కానిస్టేబుళ్లు నిఘా వేశారన్న గొడవతో. ఇద్దరు కానిస్టేబుళ్లు! బడ్జెట్ పెట్టాల్సిన కాలంలో దేశానికి ప్రభుత్వం లేకుండా పోవడానికి ఆ మాత్రం చాలింది.

పీటలు మారిన జూలై

రాజకీయ అస్థిరత అంటే ఏమిటో ఒక్క బొమ్మలో చూడాలంటే 1979 జూలైకి వెళ్లాలి.

ఆ నెల రెండో వారంలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం పెట్టినది ప్రతిపక్ష నేత యశ్వంతరావు చవాన్. చర్చ సాగుతుండగానే జనతా పార్టీ చీలింది, సభ్యులు గుంపులు గుంపులుగా బయటికి నడిచారు. 15న మొరార్జీ రాజీనామా. 28న చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. ఆయన పక్కన ఉపప్రధానిగా ప్రమాణం చేసింది ఎవరు? నిన్నటి ప్రతిపక్ష నేత చవానే. మరి ప్రతిపక్ష నేత కుర్చీలోకి ఎవరొచ్చారు? మొరార్జీ ప్రభుత్వంలో ఉపప్రధానిగా ఉన్న జగ్జీవన్ రామ్. ఉపప్రధాని లేచి ప్రతిపక్ష నేత పీట మీద, ప్రతిపక్ష నేత లేచి ఉపప్రధాని పీట మీద. పెళ్లిలో వధూవరులు పీటలు మారినంత సులువుగా మారిపోయారు. జూలై రెండో వారంలో చవాన్ చేసిన విమర్శకూ నెలాఖరున జగ్జీవన్ చేయబోయే విమర్శకూ గురి ఒకటే అయితే, ఆ విమర్శను జనం ఎంత నమ్మాలి?

అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన నీలం సంజీవరెడ్డి. చరణ్ సింగ్‌ను సభలో బలం నిరూపించుకోమన్నారు. ఆగస్టు 20న సభ కూడాల్సిన రోజునే ఇందిరా కాంగ్రెస్ మద్దతు లేదని తేలిపోయింది, ఆయన సభ గడప తొక్కకుండానే రాజీనామా ఇచ్చారు. ప్రమాణం చేసి అప్పటికి 24వ రోజు. ప్రధానిగా ఒక్కసారైనా పార్లమెంటును ఎదుర్కోని ప్రధాని ఆయనొక్కరే. జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇమ్మని అడిగినా సంజీవరెడ్డి ఆగస్టు 22న లోక్‌సభ రద్దు చేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా మటుకు నాకు జగ్జీవన్‌కు ఒక రోజు సభ ఇచ్చి ఉంటే పోయేదేమీ లేదనిపిస్తుంది. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరకు 353 సీట్లు వచ్చాయి. చరణ్ సింగ్ పార్టీకి 41.

కూల్చినవాళ్లకు కూలిన ఇంటి దూలాలు దక్కకపోవడం అదే మొదలు కాదు. ఈ లెక్కలో మనవాళ్లు ఢిల్లీ కంటే పాతికేళ్లు ముందున్నారు.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. 140 మంది సభలో ఒంటరిగా పెద్ద పార్టీ కమ్యూనిస్టులు, 41 మంది. మద్యనిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఎత్తేయలేదు. కల్లుగీత కార్మికుల బతుకుదెరువు పోయిందని గౌతు లచ్చన్న పోరాడుతున్నారు. ఇది అచ్చమైన విధాన విమర్శ. కేసులు, జైళ్లు, కూలి పోయిన కుటుంబాలు, అన్నీ లెక్కకందే విషయాలు. 1954 నవంబరులో ఆ మద్యనిషేధం మీదే సభలో ఓటింగు జరిగి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడిపోయింది. పదమూడు నెలల రాష్ట్రం, రాష్ట్రపతి పాలన, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. 196 సీట్లలో ఐక్య కాంగ్రెస్ కూటమికి 146. కమ్యూనిస్టులకు ఓట్లు 31 శాతం వచ్చాయి, సీట్లు మాత్రం 15. ఓట్లలో దాదాపు మూడో వంతు, సీట్లలో పదమూడో వంతు. ఎదుటివాళ్లంతా ఒకే గొడుగు కిందికి వస్తే మన ఎన్నికల పద్ధతిలో జరిగేది అదే.

ఒక్కటి, పద్నాలుగు

ఒక్క ఓటు అనగానే అందరికీ గుర్తొచ్చేది 1999 ఏప్రిల్ 17. జయలలిత 18 మంది సభ్యులతో మద్దతు ఉపసంహరించుకుంటే వాజపేయి విశ్వాస పరీక్షకు నిలబడ్డారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఆ 270లో మూడు ముక్కల గురించి చెప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ వాజపేయి వైపు ఉంటే ఆ పార్టీ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ విప్‌ను కాదని ఎదురు ఓటేశారు. తటస్థంగా ఉంటుందనుకున్న బి.ఎస్.పి. ఐదుగురూ వ్యతిరేకంగా నొక్కారు.

స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. వాజపేయికి బయటి నుంచి మద్దతిస్తున్న తెలుగుదేశం మనిషి. గమాంగ్ ఓటు చెల్లదని ఒక్క మాట అని ఉంటే లెక్క 269-269 అయ్యేది. సమానమైతే స్పీకర్ ఓటే తీర్పు. ఆయన ఆ మాట అనలేదు, ఓటు వేయాలా వద్దా అన్నది గమాంగ్ మనస్సాక్షికి వదిలేశారు. ప్రభుత్వం పడింది. తన పార్టీ నిలబెడుతున్న ప్రభుత్వం తన కళ్లముందే పడుతుంటే నిబంధన పుస్తకం పట్టుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు.

ప్రతిపక్షం ఏం మూటగట్టుకుంది? ప్రత్యామ్నాయ ప్రభుత్వానికి 272 కూడలేదు. ఆ సభలో ప్రతిపక్ష నేత శరద్ పవార్. నెల తిరిగేసరికి ఆయన్ను కాంగ్రెస్సే బహిష్కరించింది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 141 నుంచి 114కు జారింది.

పి.వి. కథ దీనికి తలకిందులు. 1991లో ఆయన పార్టీకి సగం సీట్లు లేవు. 1992 జూలైలో 46 ఓట్ల తేడాతో, డిసెంబరులో బాబ్రీ కూల్చివేత తర్వాత 225 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 1993 జూలై 28న మూడోసారి తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. తేడా 14. ఆ పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయన్నది తర్వాత కోర్టుల్లో తేలాల్సి వచ్చింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బు ముట్టిందని కేసు. డబ్బు తీసుకుని సభలో ఓటేసినవాళ్లకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు 3-2తో తీర్పిచ్చింది. పి.వి.కి 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. డబ్బు తీసుకున్నవాళ్లకు రక్షణ అన్న ఆ పాత తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టేసింది. 1993 ఓటుకు 2024లో జవాబు. ముప్పై ఒక్క సంవత్సరాలు.

1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభలో మాటకూ ఓటుకూ ఉన్న పల్చటి దారం కూడా తెగింది. ఎదుటివాడి వాదన నచ్చినా విప్ దాటి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి ప్రతిపక్ష నేత రెండు గంటలు మాట్లాడినా సభలో ఒక్క ఓటు కదలదు. ఆయన మాట్లాడుతున్నది సభతో కాదు, టీవీ ముందు కూర్చున్న మీతో.

ఇంట్లో వేసుకోదగ్గ లెక్క

ఒక ప్రభుత్వం నిలుస్తుందా పడుతుందా అని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు, ఒక తీసివేత చాలు. లోక్‌సభలో 543 సీట్లు, మెజారిటీ 272. పెద్ద పార్టీకి ఎన్ని తక్కువ పడ్డాయన్నది అందరూ చూసే సంఖ్య. అది మోసం చేస్తుంది. 1998లో బి.జె.పి.కి 182, 1999లోనూ 182. రెండుసార్లూ లోటు 90. మొదటి ప్రభుత్వం పదమూడు నెలల్లో పడింది, రెండోది 2004 దాకా నడిచింది. 2004లో కాంగ్రెస్‌కు 145 మాత్రమే, 127 లోటు. అయినా ఐదేళ్లూ నిలిచింది.

చూడాల్సింది కూటమి మిగులు. కూటమి మొత్తంలోంచి 272 తీసేయండి. మిగిలిన దానికంటే ఒక్క భాగస్వామి బలం ఎక్కువైతే ఆ ప్రభుత్వం తాళం చెవి ఆ భాగస్వామి కొంగున ఉన్నట్టే. 1998 మార్చిలో వాజపేయి నెగ్గిన విశ్వాస పరీక్షలో ఆయనకు పడినవి 274. మిగులు 2. జయలలిత దగ్గర 18. పదమూడు నెలల తర్వాత జరిగింది ఆ రోజే అంకెల్లో రాసి ఉంది.

2008లో అణు ఒప్పందం మీద వామపక్షాలు దాదాపు 60 మందితో తప్పుకున్నాయి. ఇది మాత్రం నిఖార్సయిన విధాన తగాదాయే, కానిస్టేబుళ్ల గొడవ కాదు. లెక్క ప్రకారం మన్మోహన్ ప్రభుత్వం పడాలి. సమాజ్‌వాదీ పార్టీ వచ్చి చేరడంతో జూలై 22న 275-256తో నెగ్గింది. ఓటింగుకు ముందు సభలో నోట్ల కట్టలు బల్ల మీద పెట్టిన దృశ్యం టీవీల్లో చూసినవాళ్లకు మిగతా కథ చెప్పక్కర్లేదు. అంటే తీసివేతతో పాటు ఒక కూడిక కూడా ఉంటుంది: బయట ఎవరు అమ్మకానికో, అవసరానికో ఉన్నారన్నది.

ఇప్పుడు ఇదే లెక్క 2024 ఎన్నికల ఫలితానికి వేయండి. బి.జె.పి. 240, ఎన్.డి.ఏ. 293. మిగులు 21. తెలుగుదేశం 16, జె.డి.యు. 12. ఏ ఒక్కటి తప్పుకున్నా ప్రభుత్వం పడదు. రెండూ కలిసి తప్పుకుంటే 28, అప్పుడు 265 మిగులుతుంది, పడుతుంది. కాబట్టి "ఈ ప్రభుత్వం ఆరు నెలల్లో పడిపోతుంది" అని ఎవరన్నా అంటే అడగాల్సింది ఒక్కటే: ఆ రెండు పార్టీలూ ఒకే రోజు ఒకే కారణంతో ఎందుకు లేచిపోతాయి?

అస్థిరతకు ఖరీదు ఉందా అంటే ఉంది. 1989 నవంబరు నుంచి 1999 అక్టోబరు దాకా, పదేళ్లు కూడా నిండకముందే, ప్రధాని ప్రమాణ స్వీకారాలు ఎనిమిది, సార్వత్రిక ఎన్నికలు ఐదు. 1991 ఫిబ్రవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం పూర్తి బడ్జెట్ పెట్టలేకపోయింది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతకు పడిపోయింది. మొదట 20 టన్నుల బంగారం, తర్వాత దాదాపు 47 టన్నులు విదేశాలకు తరలించి తాకట్టు పెట్టి అప్పు తేవాల్సి వచ్చింది. అయితే ఆ గుంటలోంచి దేశాన్ని లేపిన జూలై 24 బడ్జెట్ పెట్టినదీ మెజారిటీ లేని పి.వి. ప్రభుత్వమే. బలహీన ప్రభుత్వాలు పనిచేయవన్న మాటను అందుకే నేను సగమే నమ్ముతాను.

పది శాతం గడప

విమర్శించేవాడికీ ఒక సంఖ్య ఉంది. 1969లో రామ్ సుభగ్ సింగ్‌ను గుర్తించేదాకా లోక్‌సభలో అధికారిక ప్రతిపక్ష నేత అన్నవాడే లేడు. లోహియా, కృపలానీలకు ఆ హోదా లేదు, మూడణాల లెక్క చెప్పడానికి అది అడ్డమూ కాలేదు. 1977 చట్టం ప్రతిపక్ష నేతకు కేబినెట్ మంత్రితో సమానమైన జీతభత్యాలు ఇచ్చింది. సభలో పదో వంతు సీట్లుండాలన్న మాట ఆ చట్టంలో లేదు, తొలి స్పీకర్ మావలంకర్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. 543లో పదో వంతు 55. కాంగ్రెస్‌కు 2014లో 44, 2019లో 52. పదేళ్లు ఆ కుర్చీ ఖాళీ. 2024లో 99 రావడంతో రాహుల్ గాంధీ కూర్చున్నారు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ గడప కథ మరీ చేదు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ 19 గెలిచింది. వాళ్లలో 12 మంది 2019 జూన్‌లో అప్పటి టి.ఆర్.ఎస్.లో "విలీనం" అయ్యారు, భట్టి విక్రమార్క ప్రతిపక్ష నేత హోదా పోయింది. 2023 తర్వాత అధికారం మారింది, ఈసారి అటు నుంచి ఇటు: బి.ఆర్.ఎస్. తన పదిమంది ఫిరాయించారని సుప్రీంకోర్టుకు వెళ్లింది, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 సభలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, 2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23. 2024లో 175కు గాను వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 11. పదో వంతుకు 18 కావాలి. హోదా ఇవ్వాలని జగన్ హైకోర్టుకు వెళ్లారు. 2015లో ఢిల్లీ అసెంబ్లీలో 70కి మూడే సీట్లు గెలిచిన బి.జె.పి.కి అక్కడి ఆప్ ప్రభుత్వం ప్రతిపక్ష నేత హోదా ఇచ్చింది. చట్టం కంటే మనసు పెద్దదైతే అలా కూడా చేయొచ్చు. హోదా లేదని సభకు వెళ్లకపోవడం మాత్రం ఓటేసినవాళ్లకు చేసే అన్యాయం. 2017 నవంబరు నుంచి ఇదే వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ఒకసారి సభను బహిష్కరించింది, అప్పుడు హోదా ఉంది కూడా.

చివరికి మళ్లీ ఒక అవిశ్వాసం దగ్గరికే వద్దాం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. అది అమలు కాలేదని తెలుగుదేశం 2018 మార్చిలో ఎన్.డి.ఏ. నుంచి బయటికి వచ్చింది. జూలై 20న ఆ పార్టీ ఎంపీ కేశినేని శ్రీనివాస్ పెట్టిన తీర్మానంపై గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. లోటు బడ్జెట్, రాజధాని, పోలవరం, అన్నీ కోట్ల రూపాయల్లో వినిపించారు. మూడణాల చర్చ తర్వాత ఒక రాష్ట్రం లెక్కలు లోక్‌సభ అంతసేపు విన్న రోజు మరొకటి నాకు గుర్తు లేదు. రాత్రి ఓటింగులో అనుకూలం 126, వ్యతిరేకం 325. అప్పుడు మోదీకి తెలుగుదేశం అవసరం లేదు. 2014లో ఆ పార్టీ గెలిచినవి 16, 2024లో గెలిచినవీ 16. ఈసారి మిగులు 21 కాబట్టి ఆ పదహారుకు బరువుంది. ప్రత్యేక హోదా మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.